బొట్టు పెట్టిన హార్డ్ డిస్క్

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. పటాన్‌చెరులో పాడైన హార్డ్ డిస్కులు బాగుచేసే దుకాణం నాది. చచ్చిందనుకున్న డిస్క్ మళ్లీ తిరిగిందంటే దానికో కారణం ఉంటుంది. ఈ ఒక్కదానికే దొరకలేదు.

నా భార్య సునీత తమ్ముడు ప్రభాకర్ గుమ్మడిదల వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మొన్నటి దసరా వెళ్లిన వారంలోనే రసాయనాల ట్యాంకులోకి దిగి, ఊపిరాడక చనిపోయాడు. ఎవరూ చెప్పకుండా తనంతట తానే దిగాడని కంపెనీ చెప్పింది. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చాలన్నా ముందు కిటికీలన్నీ తెరిచే మనిషి వాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మా కడుపులు మండుతూనే ఉన్నాయి.

కొన్నాళ్లకు ఆ ఫ్యాక్టరీ మేనేజరే మా దుకాణానికి వచ్చాడు. నేను ప్రభాకర్ బావనని అతనికి తెలియదు. చేతిలో సీసీ కెమెరాల పెట్టెలోంచి తీసిన డిస్క్ ఉంది. ఆయుధపూజకు పెట్టె దించి తుడుస్తుంటే కింద పడిందనీ, ఆ తర్వాత ఏదీ రికార్డు కాలేదనీ చెప్పాడు. ఈ డిస్క్ పాడైంది, నమ్మదగ్గది కాదని రాసిస్తే లేబర్ ఆఫీసులో చూపించుకుంటానన్నాడు.

డిస్క్ ఒక మూల సొట్టపోయింది. దాని మీద పసుపు, కుంకుమ బొట్టు. అది చూడగానే నాకు ఒళ్లు మండింది. దసరాకు మేమూ మిషన్లకు బొట్లు పెడతాం, కానీ పెట్టెకు పైన పెడతాం. స్క్రూలు విప్పి లోపలున్న డిస్క్‌కు పెట్టేదెవరు? పూజ కథ నమ్మించడానికి తర్వాత పెట్టిన బొట్టు అది.

దాన్ని కంప్యూటర్‌కు తగిలించాను. టక్, టక్ అని కొట్టుకోవడం మొదలుపెట్టింది. లోపల చదివే హెడ్ విరిగితే వచ్చే చప్పుడది. అలాంటిదాన్ని తిప్పినకొద్దీ మిగిలింది కూడా గీసుకుపోతుంది. ఆపేద్దామని స్విచ్ మీద చెయ్యి వేశాను.

అన్నం డబ్బా తెచ్చిన సునీత గుమ్మంలోనే ఆగిపోయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర తను ఏడ్చిన రోజున చూసిన ముఖం కదా, గుర్తుపట్టింది.

“సార్, మా తమ్ముడు ప్రభాకర్‌ను ట్యాంకులకు ఎవలు దిగమన్నరు?” అని అడిగింది.

అతను ఒకసారి నావైపు చూశాడు. “ఎవ్వలు దిగమనలేదమ్మా. ఆయనే దిగిండు.”

నేను స్విచ్ నొక్కకముందే చప్పుడు ఆగింది. డిస్క్ కొత్తదానిలా మెత్తగా తిరిగింది. తెర మీద ఒకే ఒక ఫైలు కనిపించింది, ప్రభాకర్ చనిపోయిన రోజుది. కాపీ తీసి, అక్కడే తెరిచాను. ట్యాంకు మూత దగ్గర నిలబడి ప్రభాకర్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఈ మేనేజరే వాడి భుజం పట్టి లోపలికి వేలు చూపిస్తున్నాడు.

మేనేజర్ స్టూలు మీద కూలబడ్డాడు. ఆ ముఖం చూశాక నా కడుపు చల్లబడింది, దాచుకోను. డిస్క్ మరోసారి టక్‌మని, పూర్తిగా ఆగిపోయింది.

కాపీ, డిస్క్ రెండూ పోలీసులకు ఇచ్చాం. ల్యాబ్‌లో విప్పి చూస్తే కింద పడ్డప్పుడే హెడ్ విరిగిందని తేలింది. రికార్డయినవి నిలవుండే లోపలి పళ్లెమంతా గీతలేనట. దీన్లోంచి అక్షరం కూడా రాదు, నువ్వెలా తీశావని నన్నే అడిగారు. అలాంటి డిస్క్‌ను నమ్మొద్దని మేనేజర్ తరఫు లాయర్ వాదిస్తున్నాడు. గిరాకీలకు రోజూ నేను చెప్పేదీ అదే.

రేపు సాక్షిగా పిలిచి అది ఎలా చదివిందని అడిగితే తెలియదనే చెబుతాను. నిజంగానే తెలియదు.

ఆ మాటే సునీతతో అన్నాను. “మా తమ్ముడు ఇడ్సిపెట్టలే. మనం గూడ ఇడ్సిపెట్టొద్దు” అంది.