గంట మోసే యోధుడి టేపులు

మా వీధి చెత్త వేసే చోటుకి కాపలా నేనే. నన్నెవరూ ఎన్నుకోలేదు, వద్దనే ధైర్యమూ ఎవరూ చెయ్యలేదు. కావాగుచి ఊళ్ళో ఈ సందులోనే పుట్టి, ఈ సందులోనే ముసలిదాన్నయ్యాను. ఏ రోజు సీసాలు, ఏ రోజు ఇనుము, ఏ రోజు కాలే చెత్త అని అరిచి అరిచి నా గొంతు ఇలా తయారైంది. హరునో అంటే పక్క సందులో కూడా దడే.

ఏడాది చివర, ఇళ్ళన్నీ దులిపి కడుక్కునే రోజులు. ఇనుప చెత్త బండి ఆ ఏటికి ఆఖరిసారి వచ్చి, పోతూ పోతూ ఒక సంచిని వదిలేసి పోయింది. దాని మీద ఎర్ర చీటీ: "దీన్ని తీసుకెళ్ళం." తొంగి చూస్తే లోపల పాత వీడియో టేపులు. మా పేటలో టేపులు కాలే చెత్తలో వెయ్యాలని ఎన్నిసార్లు చెప్పానో! కొత్త సంవత్సరం పొద్దున వీధి మొగలో ఎర్ర చీటీ సంచి కూర్చుంటే మా పరువేం కావాలి? ఎవరి నిర్వాకమో తరవాత తేలుద్దామని, తిట్టుకుంటూ దాన్ని మా గుమ్మం లోపలికి ఈడ్చేశాను.

నేను చీపురుతో మళ్ళీ బయటికి వచ్చేసరికి కురామొచి యసుహేయి పరుగెత్తుకొస్తున్నాడు. అదీ ఇంట్లో తిరిగే చెప్పులతో! మా వాళ్ళలో ఎవరైనా ఇంటి చెప్పులతో రోడ్డెక్కారంటే కొంపకు నిప్పంటుకుని ఉండాలి. అందులోనూ ఈయన నెమ్మదైన మనిషి. మీసాలు రాకముందే ఇనుము పోతపోసే కార్ఖానాలో చేరి, ఈ ఊళ్ళో సగం మురుగు కాలువలకు మూతలు పోశాడు. నోరు మాత్రం కొలిమి దగ్గరే వదిలేసి వచ్చాడేమో అన్నట్టుంటాడు.

"హరునో గారూ, బండి వెళ్ళిపోయిందా?"

"వెళ్ళక? మీ కోసం టీ తాగుతూ కూర్చుంటుందా?"

ఆయన అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. "అయిపోయింది. మా సుమియే నా టేపులు పారేసింది. గంట మోసే యోధుడివి."

ఓహో, ఆ సంచి వీళ్ళదా! సుమియే ఆయన భార్య. వెంటనే చెప్పేద్దును గానీ, తప్పు రోజున చెత్త వేసినందుకు కాస్త ఉడికించాలనిపించింది. పైగా టీవీలో వచ్చిన ఆ బొమ్మల కథ, ఆ యానిమే అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. చీకటి కోటలు, మహమ్మారి, కుళ్ళిపోయే రాజులు, అడవి నిండా దెయ్యాలు. పగిలిన గంటను వీపుకు కట్టుకుని ఒక యోధుడు ఊరూరా తిరుగుతుంటాడు, దాన్ని మళ్ళీ పోతపోసేవాడు దొరుకుతాడేమోనని. దొరకడు. చివరిదాకా చూసినా గంట మోగదు.

"ఆ దెయ్యాల గోల కోసమా ఈ ఏడుపు? అది ఇప్పుడు ఫోన్లో కూడా వస్తుందటగా!"

"వస్తుందండీ." తల ఎత్తకుండానే అన్నాడు. "అందులో ఎవరూ అంతా మంచే జరుగుతుందని చెప్పరు. తెల్లారితే వాడు గంట ఎత్తుకుంటాడు, అంతే. మా కార్ఖానా మూసేసినప్పుడు అందరూ నాకు ధైర్యం చెప్పారు. ఒక్క మాటా ఒంటికి పట్టలేదు. ఇది చూసి మర్నాడు పని వెతుక్కోడానికి లేచాను. ఏటా చలికాలంలో చూస్తూనే ఉన్నాను."

"ఫోన్లో చూస్తే లేవలేరా?"

"ఆఖరి టేపు ఫోన్లో రాదండీ. మా బిడ్డ నాగి పుట్టిన నాడు టీవీలోంచి ఎక్కించింది అది."

ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. "నేను పుట్టింట్లో పురిటి నొప్పులు పడుతుంటే ఈయన ఇక్కడ బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు" అని సుమియే దెప్పని పండగ లేదు. ఆయన ఎన్నడూ బదులు చెప్పగా వినలేదు. ఆ రోజు చెప్పాడు.

"సాయంత్రం తుపాను. నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది. స్టేషనుకెళ్తే రైళ్ళు లేవు. వాళ్ళ ఊరేమో అరకావా నది అవతల. ఇంటికొచ్చి, ఏం చెయ్యాలో తోచక టీవీ ముందు కూలబడ్డాను. ఆఖరి భాగం వస్తోంది, టేపు తిరుగుతోంది. బొమ్మ పైన అక్షరాలు పోతున్నాయి, రైళ్ళు ఆగాయని, నది పొంగుతోందని. కింద వాడు గంటతో సహా వంతెన ఎక్కాడు. అవతల ఎవరున్నారో వాడికి తెలీదు. నాకు తెలుసు కదా! టీవీ కట్టెయ్యకుండానే లేచి పోయాను."

"ఆ గాలివానలో? వంతెన మీద నడిచా?"

"గొడుగు సగంలోనే ఎగిరిపోయింది లెండి."

"మరి ఇన్నేళ్ళూ ఆవిడ దెప్పుతుంటే నోట్లో ఏం పెట్టుకున్నారండీ?"

"కాసేపు కూర్చున్న మాట నిజమే కదా."

నాకు కోపమూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "కదలకండి" అని లోపలికి పోయి సంచి తెచ్చి ఆయన ఒళ్ళో పడేశాను. "టేపులు ఇనుములో వెయ్యకూడదని మీ ఆవిడకు తెలిసుంటే, ఇవి ఈపాటికి బూడిద!"

ఆయన ఎర్ర చీటీ వంక చూశాడు, నా వంక చూశాడు. అమ్మయ్య అని ఊపిరి వదిలాడు, ఆవిరి ముఖమంతా కప్పేసింది. ఆ సంచిని చంటిపిల్లలా ఎత్తుకున్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

కానీ ఈ మనిషిని ఒంటరిగా పంపితే మళ్ళీ నోరు విప్పడు. నేనూ వెంట వెళ్ళాను. సుమియే నేల తుడుస్తోంది.

"ఆ దరిద్రాన్ని మళ్ళీ తెచ్చుకున్నారా?"

"ముందు ఆఖరి టేపు చూడవే, తరవాత తిడుదువుగాని" అన్నాను.

దుప్పటి కప్పిన వెచ్చటి బల్ల కింద ముగ్గురం కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. యోధుడు వంతెన దగ్గరికి వచ్చాడు. పైన తెల్లటి అక్షరాలు పోయాయి: రైళ్ళన్నీ ఆగిపోయాయి, నది దగ్గరికి ఎవరూ పోవద్దు. సుమియే కమలాపండు సగం ఒలిచి ఆగిపోయింది.

"రైళ్ళు లేకపోతే ఎలా వచ్చారు?"

"నడిచి" అన్నాడాయన, తెర వైపే చూస్తూ. "వాడు వంతెన ఎక్కాడు. నేనూ లేచాను."

"అలా ముద్దయి వచ్చారేమని ఆ రోజు అడిగితే వానలో తడిశానన్నారు!"

"తడిశాను కదా."

సుమియే తడి గుడ్డ తీసుకుని ఆయన మీదికి విసిరింది. తరవాత అదే గుడ్డ వెనక్కి లాక్కుని, అందులో ముఖం దాచుకుని ఏడ్చింది. "చెప్పొచ్చు కదండీ, ఏడాదికోసారైనా చెప్పొచ్చు కదా" అంటూనే ఉంది. ఆయన మిగతా తొక్క తీసి పండు ఆమె ముందు పెట్టాడు.

వాళ్ళ గొడవ వాళ్ళది, నేను లేచాను. గుమ్మంలో చెప్పులేసుకుంటూ వెనక్కి చూశాను. సుమియే సంచి మీది ఎర్ర చీటీని చిరగకుండా ఊడదీసి, టేపులు పెట్టే అలమారకు అంటించి, అరచేత్తో గట్టిగా అదిమింది. "దీన్ని తీసుకెళ్ళం."