ఆఖరి నాలుగు గింజలు

నర్సరీలో ఇరవై ఆరేళ్లు మొక్కలు పెంచిన మనిషి, సొంత డాబా మీద ఎనిమిది గింజలు మొలిపించలేకపోయిందంటే ఎవరైనా నవ్వుతారు. కూతురు మాత్రం నవ్వలేదు. ఆ గింజలు ఎక్కడివో తెలిసిన పిల్ల.

క్వారీలో కాపలా పనిచేసిన తండ్రి తెచ్చినవి అవి. నేల బీటలు వారినా చావని ఎడారి పొద ఒకటి అక్కడి గుట్ట మీద మిగిలి ఉండేది. దాన్ని యంత్రంతో పెకలించే ముందురోజు కాయలు కోసుకొచ్చాడు. వలిస్తే పన్నెండు గింజలు. "దీన్ని నువ్వే మళ్లీ గుట్టెక్కించాలి" అని భార్య చేతిలో పోశాడు. నెల తిరక్కుండానే ఆస్పత్రి పాలయ్యాడు. ఆపరేషన్ తర్వాత చుక్క నీరు కూడా పట్టొద్దన్నారు డాక్టర్లు. రెండు రోజులు నీళ్లు, నీళ్లు అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ గుండె రాయి చేసుకుని ఇవ్వలేదు. మూడో రోజు మనిషే లేడు.

అప్పట్నుంచి ఆవిడ చేతికి ఆగడం తెలియదు. గట్టి పెంకు గింజలు కదా, ఎనిమిదింటిని గరుకు కాగితం మీద రుద్ది, నానబెట్టి, కుండీల్లో పెట్టింది. అంతవరకూ వంక పెట్టడానికి లేదు. ఆపైన మట్టి కాస్త ఆరితే చాలు, ప్రాణం కొట్టుకునేది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. ఎనిమిదీ కుళ్లిపోయాయి. అన్నేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో!

మిగిలిన నాలుగింటినీ ఇసుకమట్టి నింపిన పొడవాటి పైపు ముక్కల్లో పెట్టాక, కూతురు చెంబు లాక్కుంది.

"ఇక పది రోజులకోసారి నేనే పోస్తాను. నువ్వు ముట్టుకోకు."

"దాహం వేస్తుందే దానికి."

"అది నాన్న కాదమ్మా."

 

నాలుగింట్లో ఒక్కటే మొలిచింది. వేరు పైపు అడుగుకు దిగాక, వానల్లో గుట్ట మీద తవ్వకం లేని వైపు నాటారు. వేసవికి ఆకులన్నీ రాల్చుకుని పుల్లలా మిగిలింది. ఆవిడ రోజూ వెళ్లి పక్కన కూర్చుని వచ్చేది. అలా వట్టి చేతులతో వెళ్లడం ఎంత కష్టమో ఆవిడకే తెలుసు. ఎండలు ముదిరాక ఒకరోజు ఉండబట్టలేక గోటితో బెరడు కొద్దిగా గీకి చూసింది. లోపల పచ్చగా ఉంది.

అక్కడే కూలబడి, భర్త పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

"బతుకుతావనే ఇవ్వలేదయ్యా" అంది.