షెడ్డులో బయటపడని జబ్బు

నాచారంలో మా కారు బాగుచేసే అన్న గుండెపోటుతో పోయారని మొన్న పొద్దున ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. ఏడుపుకంటే ముందు నాకు కోపమొచ్చింది. నెలరోజులుగా ఛాతీలో మంటంటున్నారు. డాక్టరుకు చూపించుకోమన్నప్పుడల్లా, "జర ఈ పని అయినంక పోత టీచరమ్మా" అని దాటేశారు. ఆయనతో విసుక్కోకుండా నేను ఒక్కసారైనా మాట్లాడానో లేదో గుర్తులేదు.

మాది ఆటోమేటిక్ కారు. కిందటేడు ఓ పొద్దున స్టార్ట్ చేసి డ్రైవ్ గేరులో వేస్తే కదల్లేదు. ఇంజన్ రొద పెడుతోందంతే. నాలుగైదు క్షణాలయ్యాక ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. చెంగిచెర్లలో మా ఇంటి నుంచి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఉన్నది ఆ కారొక్కటే.

అన్న షెడ్డుకు తీసుకెళ్తే గేరు ఠక్కున పడింది. రెండ్రోజులు ఉంచుకుని, "బండి మంచిగనే ఉంది" అని తిరిగిచ్చేశారు. మర్నాడు ఇంటి దగ్గర మళ్లీ అదే తంతు. ఇలా మూడుసార్లు తిప్పారు. ఉప్పల్లో ఇంకో షెడ్డువాళ్లు సరిగ్గా చూడకుండానే గేర్‌బాక్స్ మార్చాలన్నారు.

"మీకు అంతుపట్టకపోతే చెప్పండన్నా, వాళ్లకే ఇచ్చేస్తాను" అని ఫోన్లో అరిచాను.

"రోగం కండ్ల వడకుంట కడుపు కోయమంటవా? రేపు నేనే వస్త తియ్" అన్నారాయన.

మర్నాడు ఆరున్నరకల్లా బస్సు దిగి వచ్చారు. కారును ముట్టుకోలేదు. ఇచ్చిన టీ గోడమీద పెట్టి, మా అపార్టుమెంటు ర్యాంపు మీద గొంతుక్కూర్చుని నేలవైపు చూస్తూ ఉండిపోయారు. అమ్మ తయారై కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోతోంది.

"ఆలస్యమవుతోందన్నా."

"రోజూ గిట్లనే ముక్కు పైకి వెట్టి ఆపుతవా?"

"నాకిచ్చిన పార్కింగ్ ఇదే మరి."

స్టార్ట్ చేయమన్నారు. అదే ఆలస్యం, అదే కుదుపు. కారును రోడ్డు మీద చదునుగా ఉన్నచోటికి దింపించి, కాసేపు ఆపి, మళ్లీ గేరు వేయించారు. ఈసారి వెంటనే పడింది. కిందికి వంగి చూసి, ముందు చక్రం వెనక ఆయిల్ చెమ్మ కనిపెట్టారు.

"గేర్‌బాక్స్‌ల ఆయిల్ తక్కువైంది. వాలు మీదుంటే ఉన్నదంత ఎనకకు పోతది, పంపుకు అందదు. నా షెడ్డు సదును, గందుకే ఆడ తెల్వలె."

"ఈ ముక్క మొదటిసారే చెప్పొచ్చుగా?"

"బండి గురించి చెప్పినవ్ గానీ, అది నిలవడే జాగ గురించి చెప్పలేదు గద."

సంచిలోంచి డబ్బా తీసి ఆయిల్ పోశారు. కారుతున్న సీలు ఆ వారంలోనే మార్చారు. గేర్‌బాక్స్ విప్పనే లేదు. అరిచినందుకు నేను క్షమించమని అడగలేదు.

ఆయిల్ పోసిన ఆ పొద్దున, కారు దారిలో ఎలా నడుస్తుందో చూస్తానని మాతో వచ్చారు. ఆసుపత్రి గేటు దగ్గర ముందు ఆయనే దిగి, అమ్మకు చెయ్యందించబోయి, నల్లటి మరకలు చూసి వెనక్కి తీసుకున్నారు. చొక్కాకు అటూ ఇటూ తుడుచుకుంటున్నారు. వెనక హారన్లు మోగుతున్నాయి. "తొందరగా కానివ్వండన్నా" అని నేను స్టీరింగ్ దగ్గర్నుంచి కసురుతూనే ఉన్నాను. అమ్మ ఆగలేదు. ఆ మరకల చెయ్యే పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కుతూ లోపలికి వెళ్లింది.