మందు కొట్టని మడి

పురుగును చంపే వరిని తయారు చేయాలంటే ముందు ఆ పురుగును పెంచాలి. ఈ మాట చెబితే తార్నాకలో మా ఇంటి ఓనరమ్మ "పీహెచ్‌డీ అంటే పురుగులు మేపుడా?" అని ముఖం మీదే నవ్వింది. నవ్వితే నవ్వింది. కాండం తొలిచే మొగి పురుగు దొరక్కపోతే నా చదువంతా అక్కడితో ఆగిపోతుందని ఆవిడకు ఎలా చెప్పను?

క్యాంపస్‌లో మా ల్యాబు చేసే పని చెప్పడానికి తేలికే. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును తీసి వరిలో చేర్చాం. ఆ వరిని కొరికిన పురుగు పిల్ల చావాలి. చస్తుందో లేదో చూడాలంటే, గుడ్లలోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలను సన్నని కుంచెతో ఎత్తి కాండం మీద వదలాలి. ఆ గుడ్లు ఏ దుకాణంలోనూ అమ్మరు. ల్యాబులోనే పెంచుదామంటే కొన్ని తరాలకు ఆ పురుగు గుడ్లు పెట్టకుండా మొండికేస్తుంది. కాబట్టి మందు తగలని పొలం నుంచి తెచ్చుకోవాలి. మందు తగలని వరిపొలం ఈ చుట్టుపక్కల దొరకడం ఎంత కష్టమో వెతికితే గాని తెలియదు.

నాకోసం మా అక్క ఒక మడి ఉంచింది. అక్కా బావా భువనగిరి అవతల భూమి కౌలుకు తీసుకుని వరి వేస్తారు. నేను అడగ్గానే బోరు పక్కనున్న చిన్న మడి చూపించి, "గిది నీది పో, నీ పురుగుల్ని మేపుకో" అంది. మామూలుగా నారు నాటే ముందు ఆకుల కొనలు తుంచేస్తారు, మొగి పురుగు గుడ్లు పెట్టేది అక్కడే కాబట్టి. నా మడికి అక్క కొనలు తుంచలేదు, పురుగుమందు గుళికలు చల్లలేదు. బావ పంపు వీపున తగిలించుకుని మందు కొడుతూ ఆ గట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు. "అవి మా మరదలు పురుగులు, ముట్టద్దు" అని కూలీలతో అనేవాడట.

గుడ్లు కనబడగానే అక్కే స్వయంగా తెచ్చేది. ఆకు ముక్కలను తడిగుడ్డలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, ఉప్పల్ దాకా బస్సులో వచ్చి అక్కణ్ణుంచి మెట్రో ఎక్కేది. ఒకసారి చెకింగ్ దగ్గర గార్డు డబ్బా తెరిపించి, గోధుమరంగు నూగు కప్పిన ఆ గుడ్ల ముద్దలను చూసి "ఏందమ్మా ఇది?" అన్నాడట. "మా చెల్లె పిల్లలు. ఇంక కండ్లు తెరవలే" అందట అక్క. తార్నాక స్టేషన్ మెట్ల కింద నిలబడి ఆ సంగతి చెబుతూ కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మా ఇద్దరికీ అది మంచి కాలం.

మరుసటి ఏడు యాసంగి పంటలో పక్క పొలంలో తెల్ల కంకి కనబడింది. ఈ పురుగు దూరిన పిలకకు కంకి వస్తుంది గానీ గింజ కట్టదు, తెల్లగా నిలబడి ఉంటుంది. పక్క పొలం ఆయన నలుగురు వింటుండగా గట్టు మీద నిలబడి "మీ చెల్లె సదువుకు మా పంట బలి వెడ్తవా?" అని అక్కను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ ఏడు ఊరంతా పురుగు ఉంది. మా మడి నుంచే వచ్చిందని ఎవరూ తేల్చలేరు. రాలేదని నేనూ చెప్పలేను, అదే నా బాధ. ఈ గొడవ అక్క నాకు చెప్పనేలేదు, బావ చెప్పాడు. "ఆ మడికి గూడ కొట్టు బావా" అన్నాను. "మీ అక్క ఇంటదా?" అన్నాడు.

అక్క ఎందుకు వినదో నాకు తెలుసు. మందు కొట్టిన రోజు బావ అన్నం ముట్టడు. కళ్లు తిరుగుతాయి, ఒక్కోసారి వాంతులవుతాయి. మరునాడు కూడా కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోతాడు. ముఖానికి తువాల కట్టుకుంటే చాలని ఆయన నమ్మకం. నేను కొని పంపిన మాస్కు దండెం మీద వేలాడుతూ ఉంటుంది. నా వరి బయటికొస్తే బావ వీపు మీంచి పంపు దిగుతుందని అక్క ఆశ. నాకు నా థీసిస్ కావాలి, అక్కకు బావ నాలుగు ముద్దలు తినడం కావాలి. ఆ మడి మా ఇద్దరి కోసమూ ఉందనుకుంటూ వచ్చాను.

హబ్సిగూడ టిఫిన్ సెంటర్ దగ్గర మా తోటివాళ్లు ఈ వరి గురించి తెగ వాదించుకునేవారు. ఒకాయన ఇది వస్తే దేశం బాగుపడుతుందంటాడు, ఇంకొకాయన దేశం నాశనమవుతుందంటాడు. మందు కంపు కొట్టే చొక్కాను ఇద్దరిలో ఏ ఒక్కరూ ఎన్నడూ ఉతికి ఉండరు. వింటుంటే నాకు ఒళ్లు మండేది. అలాగని నా దగ్గరేదో జవాబు ఉందని కాదు. పురుగు దీనికి ఎన్నాళ్లకు అలవాటు పడుతుందో, పుప్పొడి ఎంత దూరం పోతుందో నాకూ పూర్తిగా తెలియదు. ఇడ్లీ తిని లేచి వచ్చేదాన్ని.

చివరికి పొలంలో వేసి చూడటానికి అనుమతి రాలేదు. ప్రాజెక్టు మూసేశారు. రూలు ప్రకారం మొక్కలన్నింటినీ ఆటోక్లేవ్‌లో, అంటే బీరువా అంత ప్రెషర్ కుక్కర్‌లో, ఉడికించి కాల్చేయాలి. ఉడికించాల్సిన రోజే అక్క బావను తార్నాకలో డాక్టరుకు చూపించి, ఆయన్ను నా గదిలో పడుకోబెట్టి, క్యాంపస్‌కు వచ్చింది. ఇక మందు జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. కారిడార్‌లో ట్రాలీ మీద మొక్కలు ఉన్నాయి. గింజ పట్టి కంకులు వంగి ఉన్నాయి.

"గిదేనా చెల్లె?" అంది.

"గిదే."

"ఒక్క తెల్ల కంకి లేదు." ముట్టబోయి, నా ముఖం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వు తిన్నవా?"

"తినొద్దక్కా. రూలు."

"మంచిది గాదా మరి?"

"మంచిది గాదని గాదు. ఇంక అన్ని పరీక్షలు గాలే."

అక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఒక్క పిడికెడు ఇయ్యి. నీ మడిలనే ఏస్త. ఎవ్వరికి చెప్ప."

"మీరేసిన బీటీ పత్తి యాదికి లేదా? దానికి గూడ పురుగు రాదన్నరు. మల్ల రాలేదా?"

"వచ్చింది. గని కొన్నేండ్లు రాలే గద. గా కొన్నేండ్లు మీ బావ కడుపు నిండ తిన్నడు. నాకు గంతే చాలు."

చదివినవన్నీ ఆ ఒక్క మాట ముందు నిలబడలేదు. అయినా ఇవ్వలేదు. ఇస్తే నా పని పోతుంది, ల్యాబు మూతపడుతుంది, అది ఒకటి. పక్క పొలం ఆయన్ను అడక్కుండా ఆయన గట్టు అవతలికి నా వరి పుప్పొడి కొంచెమైనా పోతుంది, అది రెండోది. "ఇయ్యరాదక్కా" అన్నాను. అక్క మళ్లీ అడగలేదు. తలుపు బిగించి ఆవిరి వదిలాక కారిడారంతా వడ్లు ఉడికిన వాసన వచ్చింది. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బావ లేచి ఉంటాడంటూ వెళ్లిపోయింది.

ఈ యాసంగిలో మా గైడు ఇంకో రకం వరితో మళ్లీ మొదలుపెట్టమన్నారు. గుడ్ల కోసం పొద్దున్నే అక్కకు ఫోన్ చేశాను.

"ఈసారి గుడ్లు లెవ్వు చెల్లె. గా మడికి గూడ మందు కొట్టినం."

నాకు చర్రున కోపం వచ్చింది. "బావతోని కొట్టిచ్చినవా? డాక్టర్ ఏమన్నడు, నువ్వేం జేస్తున్నవ్?" అని అరిచాను.

"ఆయనతోని యాడైతది? నేనే కొట్టిన. పొలమంత నేనే."

అక్కే మళ్లీ అందుకుంది. "నీకు యేటా పంపే బియ్యం గా మడియే. సిటీల ఒక్కదానివి ఉంటవ్, మందు లేనియి తింటవని గా బియ్యం నీకే పక్కన పెట్టేది. ఈ యేడు పంపేటియి మంచిగ కడిగి వండుకో."

స్నానం చేశావా, బట్టలు మార్చావా అని అడిగాను. "చేసిన తియ్యి" అంది. గొంతు నీరసంగా ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ "తిన్నవా అక్కా?" అని అడిగి పెట్టేయడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట అడగడానికి భయం వేసింది. అడగకుండానే పెట్టేశాను.