నల్ల ఫ్రేము వెనక కనుబొమలు

పాతికేళ్లుగా కళ్లజోళ్ల దుకాణం నడుపుతున్న ఆయనకు ఎదుటివాళ్ల ముఖంలో ముందు కనిపించేవి కనుబొమలే. "ఫ్రేము వాటి కిందే ఉండాలండీ, కప్పేస్తే ముఖంలో కళే ఉండదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. తన కనుబొమలు మాత్రం ఎవరో రబ్బరుతో చెరుపుతూ సగంలో లేచిపోయినట్టుండేవి. కిందటేడు కుటుంబమంతా దిగిన ఫోటో చూసి బావమరిది, "బావా, కనుబొమలు ఇంట్లో మర్చిపోయొచ్చారా?" అన్నాడు. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

ఈ ఏటి ఫోటో నాటికి వాటిని మొలిపించి తీరాలనుకున్నాడు. చర్మం డాక్టరు రాసిచ్చిన మందును, స్నానాలగదికి గడియ పెట్టుకుని, చిన్న బ్రష్షుతో నాలుగు నెలలు రాసుకున్నాడు. నిజంగానే నల్లగా నూగు మొలిచింది.

స్టూడియో నుంచి ఫోటో వచ్చింది. అందులో కనుబొమలు లేవు! పల్చటి బొమలు దాచుకోవడానికి పదేళ్ల కిందట తనే ఏరుకున్న వెడల్పాటి నల్ల ఫ్రేము వాటిని పూర్తిగా కప్పేసింది.

"ఈసారీ తేలేదా బావా?" అన్నాడు బావమరిది.

మర్నాడు భార్య దుకాణానికొచ్చి, ఆయన్నే అద్దం ముందు కూర్చోబెట్టి, నల్ల ఫ్రేము తీసేసి సన్నటి తీగ ఫ్రేము పెట్టింది.

"ఎడమది బాగా ఒత్తుగా వచ్చిందండీ. కుడిదానికి ఇంకో నెల రాయాలి."

ఆయన కంగారుపడ్డాడు. "నీకెలా తెలుసు?"

"మీరు రాసుకుంటున్న బ్రష్షు నాది."