వాలుకు మొహం పెట్టిన బండి

మానవజాతి చరిత్రలో దిక్కుల పాత్ర తక్కువేమీ కాదు. కోటలు తూర్పు చూశాయి, సమాధులు పడమర చూశాయి, దండయాత్రలు ఎక్కువగా ఉత్తరం నుంచి వచ్చాయి. మోంటానా ఈశాన్య మూలన, మా పచ్చికబీళ్ల మధ్య, ఇంగ్వాల్డ్ ఫ్లాటెన్ తన పాత డీజిల్ పికప్పును ప్రతి సాయంత్రం వాలుకు మొహం పెట్టి నిలబెట్టే ఆచారాన్ని కూడా ఆ వరుసలో చేర్చాలని ఇక్కడి ఆలోచనాపరుల అభిప్రాయం. ఆలోచనాపరులంటే ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నేలమాళిగలో కాఫీ తాగే మేము.

ఇంగ్వాల్డ్ ఇల్లు మిట్ట మీద ఉంటుంది. గుమ్మం ముందు నుంచి పశువుల దొడ్డి దాకా నేల ఏటవాలుగా జారిపోతుంది. ఆయన పని ముగించుకుని వచ్చి, ఇంటిముందు తీరిగ్గా ఒక చుట్టు తిరిగి, ముక్కు దొడ్డివైపు, తోక ఇంటివైపు వచ్చేలా బండి ఆపేవాడు. ఏళ్ల తరబడి అదే చోటు, అదే భంగిమ. బండి కింద నేల మీద ఒక మరక ఉండేది. అక్కడ గడ్డి మొలిచే ప్రయత్నం కూడా మానేసింది. ఎవరైనా దాని సంగతి ఎత్తితే, "పాత బండి కింద మరక లేదంటే లోపల ఏమీ మిగల్లేదని అర్థం" అనేవాడు.

ఈ ఆచారం ఎలా పుట్టిందన్న విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఒకప్పుడు స్టార్టరు చెడిపోతే ఆ చలికాలమంతా బండిని వాలు మీద దొర్లించి స్టార్టు చేశాడని, స్టార్టరు మార్చినా అలవాటు మారలేదని ఒక వర్గం. వదినగారు చుట్టపుచూపుగా వచ్చినప్పుడు వెంటనే పారిపోవడానికి వీలుగా ఉంటుందని ఇంకో వర్గం. ఇంగ్వాల్డ్‌ని సూటిగా అడిగితే చెప్పే జవాబు ఒక్కటే.

"అలా పెడితే బాగా స్టార్టవుతుంది."

"ఎందుకని?"

"దానికలా అలవాటు."

ఆయన మూఢుడేం కాదు. ఒక చెవి ఇంజన్ల మోతకే పోయింది. రెండో చెవి పక్క ఎముకకి స్క్రూడ్రైవరు పిడి ఆనించి, కొనను ఇంజనుకి తగిలించి, లోపల ఏ భాగం ఏమని మూలుగుతోందో వినేవాడు. ఆ బండిలో ఆయన చెయ్యి తగలని మర లేదు. తలుపులు తుప్పు పట్టి కిందినుంచి గాలి కొట్టేవి, సీటులో స్ప్రింగులు మనిషిని గుర్తుపట్టి గుచ్చేవి. కానీ వెనక పలక మీద గడ్డిచుట్టలు ఎత్తే ఇనుపచేతులు రెండు ఉండేవి. మనిషెత్తు గుండ్రటి చుట్టను అవి అలవోకగా ఎత్తి, బీడుదాకా మోసుకెళ్లి, మంచు మీద చాపలా విప్పేవి. చలికాలంలో ఆ చేతులు లేకపోతే మంద లేదు.

మంద మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. కిందటి శరత్కాలంలో ఇంగ్వాల్డ్, భార్య డెలోరిస్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. రెండేళ్ల కరువులో ఆవులు చాలామట్టుకు పోయాయి. మిగిలినవాటిలో తొలిచూలు పెయ్యల గుంపు ఒకటి ఉంది. డెలోరిస్ తండ్రి కట్టిన మంద నుంచి దిగివచ్చిన ఆఖరి సంతతి అది. ఆ పెయ్యలు ఈసారి బాగా ఈనితే సరే. ఈ చలికాలం కూడా దెబ్బతీస్తే మంద అమ్మేసి, నేల కౌలుకిచ్చి, ఊళ్లో మెట్లు లేని ఇల్లు చూసుకోవాలి. ఆ మాట చెప్పింది ఇంగ్వాల్డే. చెప్పాక తన పళ్లెంలో తిండి ముట్టుకోలేదట. డెలోరిస్ ఆ పళ్లెం తీసి కుక్కకి పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

మార్చి మొదట్లో ఈతలు మొదలయ్యాయి. అదే వారం ఇంగ్వాల్డ్ నీళ్లతొట్టి దగ్గర మంచు మీద జారి మోకాలు మెలేసుకున్నాడు. ట్రాక్టరు పేగులు అప్పటికే షెడ్డు నేల మీద పరిచి ఉన్నాయి, రావాల్సిన పళ్లచక్రం ఒకటి రాలేదు. అందుకని ఆ సాయంత్రం పికప్పు తీసి పెయ్యలకి గడ్డి వేసి వచ్చింది డెలోరిస్.

"బండి ఎటు పెట్టావు?" అన్నాడు ఇంగ్వాల్డ్ కుర్చీలోంచి.

"నేల మీద."

"మొహం ఎటు పెట్టావంటున్నా."

"ఇంటివైపు. ఇంజన్ని వెచ్చగా ఉంచే హీటరు ప్లగ్గు ముందువైపుంది కదా. నువ్వేమో తోక ఇటు పెట్టి, రోజూ వైరుకి వైరు ముడేసి, పొద్దున్నే మంచులో తవ్వుకుంటావు. గుమ్మం దగ్గర పెట్టా, ఒక్క వైరుతో అందింది."

"రేపది స్టార్టవదు."

"ఇంగ్వాల్డ్, అదేం గుర్రం కాదు. దాని మొహం ఎటుందో దానికి తెలీదు."

ఆ వాదనకి ఎదురులేదు. ఇంజను రాత్రంతా వెచ్చగా ఉంటుంది, నడిచే దూరం తగ్గుతుంది, పైగా యంత్రానికి మనసు లేదు. ఇంగ్వాల్డ్ లేచి కుంటుకుంటూ వెళ్లి బండి తిప్పి పెట్టాలనుకున్నాడు. తన బుద్ధికి తానే సిగ్గుపడి మానుకున్నాడు. మా ప్రాంత చరిత్రలో హేతువాదం నెగ్గిన రోజది.

తెల్లవారింది. మధ్యాహ్నానికల్లా మంచుతుపాను అందుకుంటుందని రేడియో చెప్పింది. పెయ్యలు దిగువ బీడులో ఉన్నాయి. నిన్నటి గడ్డి అయిపోయింది. ఆ బీడులో గాలికి అడ్డంగా చెట్టూ లేదు, గోడా లేదు. గడ్డి వేసి, కొత్తగా పుట్టిన దూడల్ని బండి లోపల, సీటు ముందు హీటరు దగ్గర పడుకోబెట్టి తెచ్చి, మిగతా మందను గడ్డి ఆశచూపి దొడ్డిలోకి రప్పించాలి. ఈ మూడూ ఆ బండి చేసే పనులే.

తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది. అందుకోలేదు. పొగగొట్టం నుంచి పొగైనా రాలేదు.

పొగ లేదంటే డీజిల్ అందడం లేదు. ఇంత చలిలో డీజిల్ అందడం లేదంటే అది వెన్నలా పేరుకుందని ఇక్కడ పుట్టిన ఎవరైనా చెబుతారు. ఇంగ్వాల్డ్ కూడా అదే అనుకున్నాడు. కెటిల్‌తో వేడినీళ్లు తెచ్చి ఫిల్టరు మీద పోశాడు. పేరుకున్నదాన్ని కరిగించే మందు టాంకులో పోశాడు. డెలోరిస్ జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి ఇంధనపు గొట్టం పొడవునా వేడిగాలి కొట్టింది. ఫిల్టరు విప్పి కొత్తది బిగించారు. పంపు మీద, డీజిల్‌ని ముందుకు లాగే రబ్బరు బొత్తాన్ని బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాడు ఇంగ్వాల్డ్. నొక్కగా నొక్కగా బుసబుసమంటూ నురగ వచ్చింది. మళ్లీ తాళం తిప్పితే ఇంజను ఒక్క తుమ్ము తుమ్మి, ఆశ పుట్టించి, చచ్చింది.

మళ్లీ బొత్తాం. మళ్లీ నురగ. మళ్లీ తుమ్ము.

బొటనవేలి చర్మం లేచిపోయింది. ఇనుముకి అంటుకున్న చేతితొడుగు చినిగింది. బాటరీలు నీరసించి స్టార్టరు గొంతు లావైపోయింది. ఉత్తరాన ఆకాశం పలకలా మారుతోంది. డెలోరిస్ ఇక చూడలేక, మంచు మీద లాగే ప్లాస్టిక్ స్లెడ్జి ఒకటి తీసుకుని, దాని తాడు భుజానికి తగిలించుకుని బీడుకి నడిచి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి స్లెడ్జి మీద తడిసిన దూడ ఒకటి ఉంది. చెవులు గడ్డకట్టి చెక్కముక్కల్లా ఉన్నాయి. దాన్ని వంటింట్లో పొయ్యి ముందు పడేసి వచ్చింది.

"ఇంకో మూడున్నాయి. మోయలేకపోయాను. ఒకటి లేవడం లేదు."

ఇంగ్వాల్డ్ బానెట్ కింద నుంచి తల తీయలేదు.

"అమ్మేద్దాం అన్నాగా," అన్నాడు. "ఇక అమ్మడానికి కూడా ఏం మిగిలేట్టు లేదు."

డెలోరిస్ లోపలికి వెళ్లి నాకు ఫోన్ చేసింది.

మా ఇల్లు వాగవతల. నా ఆవులకి గడ్డి అప్పుడే వేసి ఉన్నాను. నా పికప్పుకి ఎత్తే చేతుల్లేవు, గొలుసు మాత్రం ఉంది. వెళ్లేసరికి ఇంగ్వాల్డ్ ముందు చక్రానికి ఆనుకుని మంచులో కూర్చుని ఉన్నాడు. మోకాలు నొప్పికి కూర్చున్నాడో ఇంకెందుకో అడిగేలా లేదు మొహం.

"బండి ఏమంటోంది?" అన్నాను.

"ఏమీ అనట్లేదు. అనుంటే బాగుండు."

"గొలుసేసి లాగనా?"

ఇంగ్వాల్డ్ ఇంటివైపు చూశాడు. డెలోరిస్ వంటింట్లోనే ఉందని ఖాయం చేసుకున్నాక గొంతు తగ్గించాడు.

"లెస్టర్, నవ్వనంటే ఒకటి చెప్తా."

"నవ్వను."

"దాని మొహం తిప్పాలి."

నేను చాలా గంభీరంగా తలూపాను.

"నవ్వావు."

"లేదు. చలికి మూతి ఇలా అయింది."

"నాకు తెలుసు అది పిచ్చని. అయినా లాగాలంటే ఎలాగూ తిప్పాలి కదా."

"తిప్పాలి. ఎలాగూ తిప్పాలి," అన్నాను. మనిషి మర్యాద నిలబడాలంటే ఒక సాకు చాలు.

వెనక కొక్కానికి గొలుసు తగిలించి, గుమ్మం ముందు నుంచి వెనక్కి లాగి, చదునులో అర్ధచంద్రాకారంగా తిప్పి, పాత మరక మీదికే తెచ్చి నిలబెట్టాము. ముక్కు దొడ్డివైపు. మంచు పలుకులు అప్పటికే అడ్డంగా కొట్టడం మొదలైంది. ఇక వాలు మీద లాగి స్టార్టు చేయాలంటే గొలుసును వెనక నుంచి విప్పి ముందువైపు తగిలించాలి. నేను బండి వెనక మంచులో వెల్లకిలా పడుకున్నాను. కొక్కెం బిగుసుకుపోయింది, చేతికి స్పర్శ లేదు. ఇంగ్వాల్డ్ ఊరుకోలేక ముందు మళ్లీ ఆ బొత్తాం నొక్కుతున్నాడు.

"లెస్టర్."

"ఆఁ."

"నురగ రావట్లేదు. బొత్తాం గట్టిగా ఉంది. డీజిలే వస్తోంది."

 నా మొహానికి జానెడు దూరంలో, టాంకు నుంచి ముందుకు పోయే దారిలో, రబ్బరు గొట్టం ముక్క ఒకటి కనిపిస్తోంది. దాని మీద నెరియలు. ఒక నెరియ దగ్గర బొట్టు కూడి, వేలాడి, రాలింది. పొలం బళ్లలో పోసే డీజిల్ ఎర్రగా ఉంటుంది. తెల్లటి మంచు మీద ఎర్రగా పడింది. ఇంకొకటి పడింది.

"నువ్వొచ్చి ఇది చూడాలి," అన్నాను.

మోకాలు పట్టుకుని, మూలుగుతూ, పక్కన వచ్చి పడుకున్నాడు. ఇద్దరు ముసలివాళ్లం తుపాను మొదలవుతుండగా బండి కింద పక్కపక్కన పడుకుని ఒక బొట్టును చూశాము. ఇంగ్వాల్డ్ వేలితో ఆ నెరియ తడిమాడు. ఆయనకి నాకన్నా ముందే అర్థమైంది. ముక్కు కిందికుంటే టాంకు ఇంజనుకన్నా ఎత్తులో ఉంటుంది, డీజిల్ తన బరువుకే ముందుకు వచ్చి నిలిచి ఉంటుంది, పగుల్లోంచి కాస్త కారుతుంది అంతే. ముక్కు పైకుంటే ఆ పగుల్లోంచి గాలి పీల్చుకుని, గొట్టంలో ఉన్నదంతా టాంకులోకి వెనక్కి జారిపోతుంది. రాత్రంతా జరిగింది అదే. పొద్దుట్నుంచీ నొక్కినదల్లా గాలి.

"దానికలా అలవాటు," అన్నాను.

"నోర్ముయ్," అన్నాడు.

ఉన్న కాస్త బాటరీతో తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, తెల్లగా పొగ వదిలింది, అందుకుంది. ఆ మోత విని డెలోరిస్ దూడని తుడిచే తువ్వాలు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.  ఆగడానికి వ్యవధి లేదు.

నేను ముందు నడిచి గేట్లు తీశాను. ఇంగ్వాల్డ్ ఒక చుట్ట ఎత్తుకుని వెనకే వచ్చాడు, బండి ఆపితే మళ్లీ ఏమంటుందోనని దిగినప్పుడల్లా ఇంజను నడుస్తూనే ఉంచాడు. గడ్డి వాసనకి పెయ్యలు గాలికి తలలు వంచుకుని బండి వెంట పడ్డాయి. లేవలేదని డెలోరిస్ చెప్పిన దూడ అప్పటికే పోయింది. దాని పక్కన నిలబడ్డ ఇంకొకటి, మేము ఎత్తి బండి లోపల హీటరు ముందు పెట్టిన తర్వాత, ఇంటికి దారిలో నా బూట్ల మీద పోయింది. మూడోది బతికింది. దొడ్డి తలుపు వేసేసరికి ఇల్లు కనిపించడం మానేసింది. డెలోరిస్ గుమ్మంలో నిలబడి పెనం మీద గరిటెతో కొడుతుంటే, ఆ చప్పుడు పట్టుకుని వెళ్లాము.

తుపాను తగ్గేదాకా నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పొయ్యి ముందు రెండు దూడలు, కుర్చీల్లో ముగ్గురం. డెలోరిస్ వేడివేడిగా బంగాళదుంపలు, మాంసం కలిపి కాల్చి బల్ల మీద పెట్టింది. ఇంగ్వాల్డ్ ఈసారి తిన్నాడు.

"అయితే నేను పెట్టడం వల్లనే," అంది డెలోరిస్ చివరికి.

"కాదు. గొట్టం వల్ల."

"నేను ఇంటివైపు పెట్టకపోతే స్టార్టయ్యేది."

"అయ్యేది. ఇంకెప్పుడో, ఏ బీడు మధ్యలోనో, ఎదురు మిట్ట మీద నిలబడిపోయేది." చెంచా కింద పెట్టి అన్నాడు: "ఇన్నేళ్లూ ఆ మరక మీద నడుస్తున్నా. ఒక్కసారి వంగి చూడలేదు."

"వంగితే లేవలేవుగా," అంది ఆమె. ఇంగ్వాల్డ్ నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు.

వసంతానికి మిగతా పెయ్యలు ఈనాయి. మంద అమ్మే మాట మళ్లీ రాలేదు. రాలేదంటే రద్దయిందని కాదు, వచ్చే చలికాలానికి వాయిదా పడిందని అందరికీ తెలుసు. చర్చి నేలమాళిగలో ఈ ఉదంతం మీద చాలా లోతైన చర్చ జరిగింది. మనిషికి తెలియకుండా చెయ్యికి తెలిసే జ్ఞానమొకటి ఉంటుందని ఒకరన్నారు. పూర్వాచారాలను కారణం తెలియకుండా చెరపకూడదని మరొకరన్నారు. పాస్టరుగారు దీన్ని ఒక ఆదివారం ప్రసంగంలోకి తీసుకుంటానని కూడా అన్నారు. ఇంగ్వాల్డ్ కాఫీ తాగుతూ విన్నాడు. ఆ గొట్టాన్ని ఆయన షెడ్డులో పడి ఉన్న ట్రాక్టరు నుంచి కోసిన ముక్కతో మార్చేశాడు. మరక దగ్గర గడ్డి మొలుస్తోంది.

బండి ఇప్పుడు మొహం ఇంటివైపు పెట్టి ఉంటుంది. అక్కడైతే హీటరు వైరు అందుతుంది.