అక్కకు రస్కు అమ్మనన్న రోజులు

బాన్సువాడలో మా బేకరీ బస్టాండుకు పోయే తోవలో, మూల మీద ఉంటుంది. మా అక్క ఇల్లు దాని వెనక గల్లీలో. అక్కను చూడడానికి ఎవరొచ్చినా మా దుకాణం ముందు నుంచి పోవలసిందే. రోగి దగ్గరికి ఉత్త చేతులతో ఎవరు పోతారు? ఓ కేక్ రస్కు పొట్లమో, బ్రెడ్డో, బిస్కెట్లో కట్టించుకుని పోయేవారు. అక్క జబ్బుపడ్డాక మన రస్కు బాగా పోతోందని మా ఆయన ఒకసారి నోరు జారాడు. ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు.

అక్క చాలా ఏళ్ళు అంగట్లో కూరగాయలు కుప్ప పోసి అమ్మింది. పిట్లం నుంచి, పెద్ద కొడప్‌గల్ నుంచి, చుట్టూ ఉన్న తండాల నుంచి వచ్చేవాళ్ళందరికీ ఆమె కుప్ప తెలుసు. తండా వాళ్ళతో వాళ్ళ భాషలో నాలుగు మాటలు, మరాఠీ వాళ్ళతో మరాఠీలో నాలుగు మాటలు మాట్లాడేది. బేరం దగ్గర మాత్రం ఎవరికీ దిగేది కాదు. షుగర్ ముదిరి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక ఆ కుప్ప లేచిపోయింది. ఇప్పుడు రోజు విడిచి రోజు కొడుకు ఆటోలో దవాఖానకు పోయి డయాలసిస్ చేయించుకుంటుంది. మిగిలిన రోజుల్లో కొడుకూ కోడలూ పనులకు పోతే ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

డయాలసిస్ కంటే ఆమెను ఎక్కువ ఏడిపించింది దురద. ఒంటి మీద పొక్కు లేదు, దద్దురు లేదు. చర్మం కింద ఎక్కడో పుట్టే దురద. దువ్వెనతో వీపు గీక్కునేది, తలుపు అంచుకు భుజం రాసుకునేది. గజ్జేమోనని పక్కింటి ఆమె తన పిల్లను అక్క ఒళ్ళోకి పోనివ్వడం మానేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రక్తంలో ఫాస్ఫరస్ పెరిగితే ఇలాగే దురద పెడుతుందని డాక్టరమ్మ చెప్పింది. మంచి కిడ్నీలు ఎక్కువైనదాన్ని మూత్రంలో పంపించేస్తాయట. డయాలసిస్ మిషన్ కొంతే తీయగలదట. మిగిలింది ఎముకల్లోని సున్నాన్ని లాగేసి వాటిని గుల్ల చేస్తుందట. అందుకని పాలు, పప్పు, మాంసం బాగా తగ్గించమంది. అంగట్లో అంత నోరున్న మనిషి పథ్యం దగ్గర బుద్ధిమంతురాలైపోయింది. తగ్గించమన్నవి మొత్తానికే మానేసింది. వాటి బదులు వచ్చినవాళ్ళు తెచ్చింది తినేది. మా వైపు జ్వరమొచ్చినా, కాన్పయినా, కాలు విరిగినా రోగికి బ్రెడ్డూ రస్కే కదా. తెచ్చినవాళ్ళ ముందే తినాలి. "నా ముంగట ఒక్క ముక్క తిను" అని వాళ్ళు కూర్చుంటారు. తినకపోతే వాళ్ళ మనసు చిన్నబోతుంది.

నెలలు గడిచినా దురద తగ్గలేదు. పరీక్షలో ఫాస్ఫరస్ దిగలేదు. ఈసారి అక్క వెంట నేనూ దవాఖానకు పోయాను.

"పాలు బందువెట్టినవ్, పప్పు బందువెట్టినవ్. మరి ఏం తింటున్నవ్ అవ్వా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏం తింట బిడ్డా, రస్కు తింట, బిస్కెట్ తింట. తేలిక గదా. మా చెల్లెదే బేకరీ" అంది అక్క, కొంచెం గర్వంగానే.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "రస్కుల బేకింగ్ పౌడర్ ఏస్తరా అమ్మా?"

"ఎయ్యకుంటే ఎట్ల పొంగుతది మేడం?"

"గా డబ్బ మీద ఏమున్నదో ఒకసారి చూడుండ్రి. ఫాస్ఫేట్ అని ఉంటే అవ్వకు పెట్టొద్దు."

చూడకుండానే నాకు తెలుసు. సోడియం పైరోఫాస్ఫేట్. ఆ పొడి మా చేతుల్లో రోజూ ఆడేదే. మైదాలాగే తెల్లగా ఉంటుంది, వాసన ఉండదు, నాలుక మీద కొంచెం పులుపు. ఒట్టి సోడాకు పెరుగు తగిలితే అప్పటికప్పుడు బుస్సున పొంగి చల్లారిపోతుంది. ఈ ఫాస్ఫేట్ ఉప్పు సోడాతో కలిస్తే అలా తొందరపడదు. పిండి తడిపినప్పుడు కొంచెం కదిలి, అసలు పని పొయ్యి వేడిలో చేస్తుంది. అందుకే కేకు లోపలంతా ఒకేలా గుల్లగా వస్తుంది. ఒక చెంచా ఎక్కువ పడితే మాత్రం నోట్లో ఇనుము చీకినట్టు ఉంటుంది. వానాకాలం మూత సరిగ్గా పెట్టకపోతే గడ్డ కడుతుంది.

నేను పట్టుబట్టి అడిగితే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పప్పులో, జొన్నలో ఉండే ఫాస్ఫరస్ గింజలో చిక్కుకుని ఉంటుందట, ఒంటికి అందులో కొంతే అందుతుందట. పొడిగా కలిపిన ఉప్పయితే దాదాపు మొత్తం రక్తంలోకి పోతుందట. డబ్బా చీజు ముద్దగా కరగడానికి, నూడుల్స్ మెత్తగా ఉండడానికి, ఐసులో పెట్టి అమ్మే కోడిమాంసం నీళ్ళు వదలకుండా ఉండడానికి ఈ జాతి ఉప్పులే వేస్తారట. నల్లటి కూల్‌డ్రింకులో పులుపూ ఆ కోవదేనట.

"అయితే నేను జనానికి విషం అమ్ముతున్ననా మేడం?" అన్నాను, కోపంగానే.

ఆమె నవ్వింది. "లేదమ్మా. సర్కారు ఒప్పుకున్న కొలతల ఏస్తే కిడ్నీలు మంచిగున్నోళ్ళకు ఫికర్ లేదు. అట్లని పొద్దుమాపు గవే తినొద్దనుకోండ్రి. అవ్వకు మాత్రం గది వద్దే వద్దు."

ఇంటికొచ్చాక నేను నా పద్ధతిలో దిగాను. అక్క ఇంటికి పోయేవాళ్ళకు దుకాణంలో ఏదీ అమ్మనన్నాను. బ్రెడ్డు పిండిలో కలిపే పొడి పొట్లం మీదా ఫాస్ఫేట్ అని ఉంది, కనుక బ్రెడ్డు కూడా లేదు. మా ఆయన నెత్తి పట్టుకున్నాడు. అంగట్లో అక్క కుప్ప పక్కనే మిర్చి అమ్మే తండా ఆమె వచ్చి ఎప్పటిలా రస్కు అడిగింది.

"నీకైతే ఇస్త. అక్కకైతే ఇయ్య" అన్నాను.

"ఏందక్కా, నా పైసలు చెల్లయా?"

"చెల్లుతయి. గది తింటే అక్కకు దురద. ఉత్తగనే పోయి చూసి రా."

"ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె? నాకు సిగ్గుండదా?" అంది. గల్లీలోకి పోకుండానే బస్టాండు వైపు తిరిగిపోయింది. ఆమె మళ్ళీ వస్తుందిలే అనుకున్నాను. ఇంకెవరైనా పండ్లు కొంటారేమోనని చూశాను. డాక్టరమ్మ ఫలానా పండు మంచిది, ఫలానాది వద్దు అని చెప్పి ఉంది. అది విన్నవాళ్ళు ఏది తెస్తే ఏమవుతుందోనని ఏదీ తేలేదు. తేలేక రావడమూ మానుకున్నారు.

అక్క దురద మాత్రం తగ్గుతూ వచ్చింది. ఫాస్ఫరస్ ఒంటికి పట్టకుండా డాక్టరమ్మ ఇచ్చిన బిళ్ళలు ఎలాగూ అన్నంతో పాటు వేసుకుంటూనే ఉంది, ఈసారి అవీ పని చేసినట్టున్నాయి. తర్వాతి పరీక్షలో ఫాస్ఫరస్ దిగింది. దువ్వెన తల దువ్వుకోవడానికే పనికొచ్చింది. పక్కింటి పిల్ల మళ్ళీ ఒళ్ళోకి ఎక్కింది. నేను గెలిచానని దుకాణంలో పదిమందికి చెప్పుకున్నాను.

ఒకనాడు మధ్యాహ్నం పోయి చూస్తే అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పలకరిస్తే విరుచుకుపడింది.

"దురద పోయింది, మనుషులు గూడ పోయిండ్రు. మిర్చి ఆమెను ఎల్లగొట్టినవట గదా. ఎవ్వలు వస్తలేరు. గీ గోడతోని మాట్లాడాల్నా నేను?"

మర్నాడు ఒక ముద్ద పిండి విడిగా తీసి, ఏ పొడీ వేయకుండా ఒట్టి ఈస్టుతో నానబెట్టాను. పాలపొడి లేదు, ఉప్పు చిటికెడే. పొద్దుటి నుంచి నిదానంగా పొంగిన పిండితో చిన్న చిన్న బన్నులు కాల్చాను. అవి తినొచ్చని డాక్టరమ్మను ఫోన్లో అడిగి కనుక్కున్నాను. ఇక మీద అక్క కోసం వచ్చేవాళ్ళకు ఇవే ఇస్తే పోతుంది, మనుషులూ వస్తారు, దురదా రాదు అని నా తెలివికి నేనే మురిసిపోయాను. మొదటి బన్ను వేడివేడిగా నేనే తీసుకుపోయి, ఎప్పటిలా గడపలోనే నిలబడి అందించాను.

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకు గివేమి ఇష్టం లేదే చెల్లె. రస్కు గూడ ఎన్నడు ఇష్టం లేకుండె. గొంతుల అడ్డం వడ్తది."

"మరి గన్ని దినాలు ఎట్ల తిన్నవక్కా?"

"నేను తినేదాక కూసుంటుండ్రి గదనే. నేను తినుడు ఒడిసిపోతే లేసి పోతుండ్రి. గందుకే మెల్లగ తింటుంటి."

దుకాణంలో మా ఆయన ఒక్కడే ఉన్నాడు, పొయ్యిలో మరో వాయి ఉంది. అయినా చెప్పులు విడిచి లోపలికి పోయి ఆమె మంచం మీద కూర్చున్నాను. అక్క బన్నును రెండు చేసి సగం నా చేతిలో పెట్టింది.

నేను రెండు కొరుకుల్లో సగానికి సగం తినేశాను.

"గట్ల జల్ది తినకే," అంది అక్క. "మెల్లగ తిను."